మగ్గము ఆగిన సంవత్సరము – పేరు నమోదును గురించి

శార్వరి నామ సంవత్సరము 2020 మార్చి 25వ తేదీ బుధవారమునాడు ప్రవేశించినది. దేశమంతటా తలుపులు మూసికొన్నదియు ఆనాడే. ఉగాది పచ్చడి నోట వేసికొని, ఇక వీధిలోనికి పోరాదను ఆజ్ఞ వింటిమి. శార్వరి యనగా రాత్రి. పేరు పెట్టిన పెద్దలకు మన సంగతి ముందే తెలిసెనా యని ఆ దినములలో వేళాకోళముగా అనుకొన్నవారు గలరు.

ఆ రాత్రి గడచినది. కొందరి ఇండ్లలో మనుష్యులనే తీసికొనిపోయినది. కరోనా కష్టములను గూర్చి పత్రికలలో చాలినంత వ్రాసిరి. నేత ఇండ్లలో ఆ యేడు ఎవరికి సాయము అందినది, ఎవరికి అందలేదు, అందుకు కారణమేమి యను మాట మాత్రము మనవారిలో మనము తీరికగా విచారించుకొనలేదు. అది విచారించిన గాని ఇక ముందు సంఘము దేనికి పూనుకొనవలెనో తేలదు.

ధర్మపురి జిల్లాలోని తుంబలహళ్లి నుండి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఊరి పేరు కన్నడము, బోర్డులు తమిళము, మనవారి ఇండ్లలో మాట తెలుగు. ఉత్తరముగా పోయి కృష్ణగిరి దాటిన ఆవల కుప్పము, వాయవ్యమున బెంగుళూరు. ఇట్టి సరిహద్దు సీమలో తెలుగు ఇంటికి వియ్యములు రెండు మూడు రాష్ట్రములలో నుండుట వింత గాదు. కనుక ఇక్కడ కూర్చుండి చూచినవారికి ఒక సంగతి తేటగా కనబడును. ఒకే నాడె ఆడించు చుట్టములు ఆ యేటిని ఒకే విధముగా గడుపలేదు. ఏ రాష్ట్రపు జాబితాలో ఎవరి పేరున్నదో దానినిబట్టి వారి పొయ్యి వెలిగినది.

ముందుగా పని యెట్లు ఆగినదో చూతము. మనకు తెలిసినదే యైనను, వరుసగా చెప్పుకొనిన గాని లోపము ఎక్కడనున్నదో అర్థము కాదు. మొదట మూతపడినవి బట్టల అంగళ్లు. చైత్ర వైశాఖములు పెండ్లిండ్ల కాలము. ఆ కాలము కొరకు మాఘమాసము నుండి నేసి పెట్టిన సరకు షావుకారు బీరువాలో నిలిచినది. సరకు నిలిచిన సొమ్ము నిలిచినది. సొమ్ము నిలిచిన షావుకారు కొత్త పడుగు ఇవ్వడు. ఇవ్వదలచినను సూరతు జరీ రాదు, బెంగుళూరు పట్టు రాదు. ఆ చివర ధర్మపురి పట్టణములోని సర్కారు పట్టుగూళ్ల అంగడి యున్నది. పట్టు రైతు కష్టము మన కష్టముకంటె త్వరగా మీదపడినది. గూడు అల్లిన పది పండ్రెండు దినములకు లోని పురుగు రెక్కలు తెచ్చుకొని గూటిని తొలుచుకొని బయటకు వచ్చును. తొలిచిన గూటినుండి తెగని దారము రాదు. వడ్లు గాదెలో పోసినట్లు గూళ్లను దాచుకొనుటకు వీలులేదు. దారము తీయువారు కొననప్పుడు రైతు అడిగిన ధరకు గాక ఇచ్చిన ధరకు అమ్మవలసివచ్చినది. చీర కొను పెండ్లివారి ఇంటినుండి మల్బరి తోట వరకు ఒకటే దారము. ఒకచోట తెగిన అన్నిచోట్ల వదులైనది.

ఇక మగ్గము దగ్గర. ఉద్యోగికి నెల జీతము, పొలములో కూలికి దినకూలి, మనకు మాత్రము కోసి ఇచ్చిన బట్టకు మజూరీ. మూడు చీరల పడుగు మగ్గము మీదనున్నది, మొదటి చీర కోసి ఇచ్చితిరి, రెండవది మూర తక్కువగా నిలిచినది, పేక పట్టు అయిపోయినది అనుకొనుడు. ఆ రెండవ చీరకు పడిన శ్రమ లెక్కకు రాదు. కోయనిదే మజూరీ లేదు. పడుగు షావుకారుది గనుక అమ్ముకొనుటకును హక్కు లేదు. ఊరక వదలిన గంజి పడుగునకు ఎలుకలు, బొద్దింకలు చేరును. తేమకు బూజు పట్టును. ఉక్కు అచ్చు తుప్పు పట్టును. పని లేని దినములలో కూడ గుంటలో దిగి పడుగు వదులు చేయుట, దులుపుట, మరల బిగించుట తప్పలేదు. ఆ పనికి మజూరీ యేమి యని ఎవరు అడిగిరి?

నేను మాటలాడిన ఒక ఇంటిలో మగ్గము ఒకటి. ఇంటాయన నేయును, పెద్దామె కండెలు చుట్టును, ఆసు పోయును. ఏబది యేండ్లుగా అదే పని. ఆ యేడు సాయము అందినదా యని అడిగితిని.

"ఆయనకి వచ్చినాది నాయనా, రెండు వేలు. బోర్డు కార్డు ఉండాది గదా."

"మీకో అత్తా?"

"నా పేరు యాడుండాది? మగ్గము ఆయనది, కార్డు ఆయనది. కండె మాత్రము నాది. జన్‌ధన్ ఖాతాలో ఐదు నూర్లు మూడు తూర్లు పడినాయి. అది పేదోళ్లని ఇచ్చినారు గాని, నేతోళ్లని ఇచ్చినారా?"

ఆమె మాటలో ఈ వ్యాసమంతయు నున్నది.

సాయము ఏ దారిని వచ్చినదో చూడుడు. తమిళనాట 2020 ఏప్రిలులో బియ్యపు కార్డుగల కుటుంబములకు రూ. 1,000 ఇచ్చిరి. తరువాత చేనేత కార్మికుల సంక్షేమ బోర్డులో సభ్యులుగా నమోదైనవారికి రూ. 2,000 ఇచ్చిరి. కర్ణాటక ప్రభుత్వము 2020 మే నెలలో 'నేకార సమ్మాన్' అను పేర చేనేతవారికి రూ. 2,000 నేరుగా బ్యాంకు ఖాతాలో వేయుటకు నిర్ణయించినది. ఆంధ్రప్రదేశములో 2019 డిసెంబరులో మొదలైన 'నేతన్న నేస్తము' క్రింద ఏడాదికి రూ. 24,000 చొప్పున ఇచ్చుచుండిరి. రెండవ విడతను 2020 జూన్ 20వ తేదీన సుమారు 81 వేల కుటుంబములకు పంచిరి. అప్పటికి అది పెద్ద మొత్తమే. కాని అది సొంత మగ్గము కలవారికి. షావుకారు షెడ్డులో, షావుకారు మగ్గము మీద నేయు కూలివానికి రాలేదు. అద్దకము వేయువానికి, ఆసు పోయు ఆమెకు, కండె చుట్టు ఆమెకు రాలేదు. వీరిలో కొందరు సొంత మగ్గము కలవారికంటె బీదలు.

ఈ ప్రభుత్వములను నిందించుటకు ఇది చెప్పుట లేదు. విపత్తు వచ్చిననాడు ఏ ప్రభుత్వమైనను చేతిలోనున్న జాబితానే తెరచును. కొత్త జాబితా వ్రాయుటకు అప్పుడు వ్యవధి యుండదు. జాబితా ముందే తప్పుగా నున్న సాయమును తప్పుగానే పోవును. 2019–20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో దేశమున చేనేత పనివారు 35.22 లక్షలని తేలినది. అందు నేయువారు 26.73 లక్షలు, అనుబంధ పనులవారు 8.48 లక్షలు. మొత్తములో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలు. గణనలో స్త్రీ పనివారుగా లెక్కకు వచ్చినది గాని, మన ఇండ్లలో కార్డు తీయించునపుడు "ఇంటికి ఒకటి చాలునులే" యని మగవాని పేరే వ్రాయించితిమి. అది అధికారుల తప్పు గాదు, మనదే.

తెలంగాణములోని పొదుపు పథకమును ఇక్కడ కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలనన ఆ యేడు భిక్షగా గాక తన సొమ్ముగా నేతవాని చేతికి వచ్చినది అదియే. 'నేతన్నకు చేయూత' 2017 జూన్‌లో మొదలైనది. చేనేత పనివాడు తన మజూరీలో నూటికి 8 చొప్పున ఖాతాలో వేయును. ప్రభుత్వము నూటికి 16 చొప్పున కలుపును. నేయువారినే గాక అనుబంధ పనివారిని కూడ చేర్చుకొనిరి. మూడేండ్ల వరకు తీయరాదని అప్పటి నిబంధన. లెక్క వేయుడు: నెలకు రూ. 10,000 మజూరీ తెచ్చు మనిషి తన వంతు 800 వేయును, ప్రభుత్వపు వంతు 1,600 పడును, నెలకు 2,400. ముప్పదియారు నెలలకు, వడ్డీ విడిచి, రూ. 86,400. 2020లో కరోనా కష్టమును చూచి ఆ గడువు నిబంధనను సడలించి, ముందుగనే తీసికొనుటకు అనుమతించిరి. పెట్టెలో తాను వేసికొన్నది తానే తీసికొన్నవాడు ఎవరి గుమ్మము ముందును నిలువలేదు. మజూరీ పెరిగిన పొదుపు పెరుగును, ప్రభుత్వపు వంతును దానితోపాటు పెరుగును; కనుక మజూరీ తక్కువ వ్రాయించుకొనుటలో లాభము లేదు.

తమిళనాట సహకార సంఘములలోను మజూరీనుండి రూపాయికి ఇన్ని పైసలని మినహాయించి, ప్రభుత్వము తన వంతు కలుపు పొదుపు భద్రతా పథకము చాలకాలముగా నున్నది. అది సంఘ సభ్యులకు మాత్రమే. షావుకారు క్రింద నేయువారు అందులో లేరు. మనవారిలో చాలమంది సంఘములో సభ్యత్వము వదలుకొని షావుకారు వద్దకు పోయినది ముందు బయానా సొమ్ము కొరకు. బయానా పెండ్లికి, ఆసుపత్రికి చేతికి వచ్చును, నిజమే. సంఘము ఇంత త్వరగా ఇవ్వదు, అదియు నిజమే. అయితే పని ఆగిన యేడు బయానా అప్పుగనే నిలిచినది, పొదుపు సొమ్ముగా నిలిచినది. ఈ రెంటి భేదమును ఆ పదినెలలలో అనుభవించినవారు నాకంటె బాగుగా చెప్పగలరు.

మరణముల సంగతి చెప్పుటకు కలము సాగదు. అయినను లెక్క చెప్పవలెను. బ్యాంకు ఖాతానుండి ఏడాదికి కొద్ది సొమ్ము మినహాయింపబడు 'జీవన జ్యోతి బీమా' ఉన్నవాడు ఏ కారణముచే చనిపోయినను వారసునికి రూ. 2 లక్షలు వచ్చును. ఆ దినములలో ప్రీమియము ఏడాదికి రూ. 330, 2022 జూన్ నుండి రూ. 436. చేరుటకు వయస్సు 18 మొదలు 50 వరకు. ప్రమాద మరణమునకు 'సురక్షా బీమా' ప్రీమియము రూ. 20, వయస్సు 70 వరకు. చాలమంది ఫారములో సంతకము పెట్టిరి గాని, మినహాయింపు దినమున ఖాతాలో ఆపాటి సొమ్ము లేక బీమా తెగిపోయినది. మే నెలాఖరున ప్రీమియము తీయుదురు. ఆ వారము ఖాతా ఖాళీగా నుంచరాదు. ఇంత చిన్న సంగతికి రెండు లక్షలు పోగొట్టుకొన్న ఇల్లు ఉన్నచో, అది చెప్పక ఊరకున్న మనవంటివారి తప్పు కూడ.

కరోనా మృతుల కుటుంబములకు రూ. 50,000 ఇచ్చు పద్ధతిని సుప్రీము కోర్టు 2021 అక్టోబరు 4వ తేదీన ఆమోదించినది. పరీక్షలో రోగము తేలిన 30 దినములలోపు మరణమైన, ఇంటి వద్ద మరణించినను లెక్కలోనికి వచ్చును. పరీక్ష చీటీ చింపి పారవేసినవారు ఆ చీటీ కొరకు తిరిగిన తిరుగుడు చెప్పనలవి కాదు. మనము పంచాంగము దాచుదుము, చీటీలు దాచము.

కష్టకాలమున నేతవానిని ఎట్లు ఆదుకొనవలెనను ప్రశ్న కొత్తది గాదు. 1876–78 నాటి ధాత కరువులో, ఈ ధర్మపురి సేలము జిల్లాలోనిదై యుండగా, రాళ్లు కొట్టు కూలికి నేతవానిని పంపిన వాని చేయి మొరటు తేలి తిరిగి సన్నపు నేతకు పనికిరాదను వాదన వచ్చినది. మదరాసు రాజధానిలో కొన్ని చోట్ల నేతవారికి నూలు ఇచ్చి, నేసిన బట్టను సర్కారు తీసికొన్నది. తరువాతి కరువు నిబంధనలలో నేతవారికి వారి వృత్తిలోనే పని చూపు పద్ధతి చేరినది. దాన మిచ్చుటకంటె పని ఇచ్చి బట్ట కొనుట మేలని నూటనలువది యేండ్ల క్రిందటనే తెలిసినది. 2020లో మాత్రము నిలిచిన సరకును కొనుటలో వేగము చాలలేదని నా అభిప్రాయము. రెండు వేల రూపాయలు బియ్యము, నూనెకు పోవును; బీరువాలోని చీరలు కదలిన మగ్గము కదలును.

కరోనా లేకయే 1991లో ఆంధ్రదేశమున నూలు ధర పెరిగి నేత కుటుంబములలో ఆకలి చావులు జరిగిన సంగతిని మరువరాదు. తెగులు తగ్గిన పిమ్మటను మనలను పట్టినది నూలే. 2021, 2022లలో ప్రత్తి ధర యెగబ్రాకి, 2022 మేలో ఒక కాండీ ప్రత్తి లక్ష రూపాయలు దాటినది. దిగుమతి సుంకమును 2022 ఏప్రిల్ 14 నుండి కొన్ని నెలలు ఎత్తివేసిరి. అంగళ్లు తెరచి గిరాకి వచ్చిన వేళకు నూలు చేతికి అందకపోయినది. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా చిలప నూలుపై రాయితీ గలదు. దానికి కూడ నమోదు కావలెను. మరల అదే మాటకు వచ్చుచున్నాము.

మన గొంతు వినబడు చోటులును తగ్గినవి. 2020 జూలై చివర, జాతీయ చేనేత దినమునకు పదిదినముల ముందు, అఖిల భారత చేనేత బోర్డును కేంద్రము రద్దు చేసినది. అది పెద్దగా ఏమి చేసెనని అడుగువారు గలరు. చేసినను చేయకున్నను, కూర్చుండి మాటలాడుటకు ఒక బల్ల యుండెను. అయితే గొంతు కలిపిన ఫలముండునని కూడ చూచితిమి. బట్టలపై జి.ఎస్.టి.ని 5 నుండి 12కు పెంచుదురని నిర్ణయమై 2022 జనవరి 1న అమలు కావలసి యుండగా, దేశమంతటా వచ్చిన వ్యతిరేకతచే ముందురోజుననే వాయిదా వేసిరి.

ఆ యేడు కొత్తదారులు త్రొక్కినవారు లేకపోలేదు. మాస్కుల గుడ్డ నేసి నెలలు గడిపినవారున్నారు. పూట గడచినది, సంతోషమే. కాని అది మన వృత్తికి దారి యని చెప్పువారితో నేను ఏకీభవించను. జానెడు గుడ్డలో చేనేత నేర్పునకు వెల కట్టువాడు లేడు. ఫోనులో చీర బొమ్మ పంపి అమ్మిన యువకుల పద్ధతి వేరు. వారిలో కొందరికి మొదటిసారి కొనువారి పేరు, ఊరు తెలిసినవి. అంతవరకు మన చీర ఎవరు కట్టుదురో షావుకారునకే ఎరుక. ఇందులో చిక్కులున్నవి: బొమ్మలోని రంగు, చీర రంగు ఒకటిగా నుండవు, పగటి వెలుతురులో తీసిన బొమ్మయే పంపవలెను, కొలత, నూలు నంబరు, జరీ రకము వ్రాసి పంపవలెను, మరమగ్గపు చీర చేనేతయని అమ్మువారు పెరిగినందున 'హ్యాండ్లూమ్ మార్క్', పట్టునకు 'సిల్క్ మార్క్' చీటీ యుండవలెను. సొమ్ము ఖాతాలో పడిన తరువాతనే పొట్లము కట్టవలెను. ఈ అమ్మకపు ఖాతా తెరచునపుడైనను ఇంటి ఆడవారి పేరు కలుపుడు.

ఇక సంఘము చేయవలసిన పని. దీనికి సర్కారు ఉత్తరువు అక్కరలేదు, డబ్బును పెద్దగా పట్టదు. ప్రతి ఊరిలోను మన పనివారందరి పేర్లు ఒక పుస్తకములో వ్రాయవలెను. ఇంటికొక పేరు గాదు, పని చేయు ప్రతి మనిషికి ఒక గీత. నేయునా, ఆసు పోయునా, కండె చుట్టునా, అద్దకమా, అచ్చు అతుకుటయా; సొంత మగ్గమా, షావుకారు మగ్గమా; ఏ కార్డు ఉన్నది, ఏది లేదు; బీమా ఏ తేదీకి తీరును. ప్రక్కనే కోసి ఇచ్చిన చీరలకు మజూరీ పుస్తకము. తేదీ, చీర రకము, మజూరీ, షావుకారు లేక సంఘము సంతకము. షావుకార్లలో మంచివారు దీనికి అడ్డు చెప్పరు. వారికిని లెక్క తేటయగును. ఈ పుస్తకము చేతనున్నవాడు బ్యాంకులో నేతవారి ముద్రా ఋణము అడుగునపుడు నోటిమాటగా గాక కాగితముతో మాటలాడును.

2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ నమోదులో ఎవరి పనిని వారే చెప్పుకొని చేరవచ్చును. ఆధారు, దానికి కలిపిన ఫోను, బ్యాంకు ఖాతా చాలును. మగ్గము సొంతమా కాదా యని అది అడుగదు. కనుక కండె చుట్టు ఆమె కూడ తన పేరుతో, తన పనితో చేరవచ్చును. మన పిల్లలు ఫోనులో అరగంట కూర్చున్న ఒక ఇంటి పని యైపోవును.

ఈ మాట నేను ఆ ఇంటి పెద్దామెతో చెప్పితిని. ఆమె ఆధారు కార్డు తెచ్చి చేతికిచ్చినది. చూచితిమి గదా, ఆమె వయస్సు అరువదిమూడు. ఈ-శ్రమ్‌లో చేరుటకు గడువు 59. "పోనీలే నాయనా" అని కార్డును మరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలము సందున పెట్టినది. సంఘపు పుస్తకములో వయస్సునకు గీత పెట్టనక్కరలేదు గనుక, ఈ ఊరి పుస్తకములో మొదటి పేరుగా ఆమెది వ్రాసి, పని అను చోట 'ఆసు, కండె, ఏబది యేండ్లు' అని వ్రాసితిమి.